బీచ్ రోడ్డు సబ్‌మెరైన్‌ని ఈసారి సరిగ్గా చూడటం ఎలా?

వైజాగ్ వాళ్లకి, బీచ్ రోడ్డులో మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్ ఒక గుర్తు, అంతే. "సబ్‌మెరైన్ దగ్గరున్నా, వచ్చెయ్" అని ఫోన్లో చెప్పుకోవడానికి పనికొచ్చినంతగా మనకి అది చూడటానికి పనికి రాలేదు. చిన్నప్పుడు స్కూలు వాళ్లు లైన్లో నిలబెట్టి ఒకసారి తిప్పి ఉంటారు. పెద్దయ్యాక హైదరాబాద్ నుంచో రాజమండ్రి నుంచో చుట్టాలు వస్తే వాళ్లతో ఇంకోసారి. రెండుసార్లూ జరిగేది ఒకటే. ఒక చివర ఎక్కుతాం, వెనకవాళ్లు తోస్తుంటే పైపులూ చక్రాలూ చూసుకుంటూ రెండో చివర దిగుతాం, కిందికొచ్చి మురీ మిక్చర్ తింటాం.

"పది నిమిషాల్లో బయటికొచ్చేశాం, అందులో అంత చూడాల్సిందేముంది?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చూడాల్సింది చాలానే ఉంది. కాకపోతే ఏం వెతకాలో తెలియకుండా ఎక్కితే అన్నీ పైపుల్లాగే కనిపిస్తాయి. రెండు విషయాలు పట్టుకుని లోపలికి వెళ్లండి: ఇంత ఇనుము ఎలా మునిగి ఎలా తేలేది, ఇందులో 75 మంది ఎలా బతికారు. మిగతాదంతా వాటి వెనకే వస్తుంది.

కావాల్సినవి

- మంగళవారం నుంచి శుక్రవారం లోపు ఒక మధ్యాహ్నం. కనీసం రెండున్నర గంటలు చేతిలో ఉండాలి.
- జారని బూట్లు, లేదా వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులతో ఇనుప గడపలు దాటడం కష్టం.
- వీపుకి తగిలించుకోని చిన్న సంచీ. పెద్ద బ్యాక్‌ప్యాక్ ప్రతి మలుపులోనూ దేనికో ఒకదానికి తగులుతుంది.
- మంచినీళ్లు. లోపల తాగడానికి కాదు, బయటికొచ్చాక.
- మూడు నాలుగు ప్రశ్నలు, కాగితం మీద రాసుకుని. ఏం అడగాలో 5వ మెట్టులో చెప్తాను.

1. రోజు, వేళ చూసుకోండి

సోమవారం సెలవు. చుట్టాల్ని వెంటబెట్టుకుని సోమవారం గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగేవాళ్లు ప్రతి వారం కనిపిస్తారు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా తెరిచి ఉంటుంది. వేళలు, టికెట్ ధర, కెమెరా రుసుము మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి కనుక్కోండి.

మధ్యాహ్నం తెరిచీ తెరవగానే వెళ్లండి. అప్పుడు జనం తక్కువ, గైడ్లకి ఓపిక ఎక్కువ. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు. సంక్రాంతి, దసరా సెలవుల్లోనూ, నేవీ వేడుకల కోసం బీచ్ రోడ్డులో ట్రాఫిక్ మళ్లించే రోజుల్లోనూ అటు పోకపోవడమే మంచిది. లోపల ఒకరి వెనక ఒకరు నడిచేంత చోటే ఉంటుంది. వెనక నలభై మంది ఉంటే మీరు ఎక్కడా ఆగలేరు.

చుట్టాలు సోమవారమే దిగి మంగళవారం పొద్దున వెళ్లిపోతుంటే? 2వ మెట్టు, 7వ మెట్టు బయటనుంచే చేయొచ్చు. మిగిలిన టైముకి బీచ్ రోడ్డులోనే విశాఖ మ్యూజియం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి. వాటిలో పేలని బాంబు ఒకటి అక్కడ పెట్టారు. తెరిచి ఉందో లేదో ముందే అడగండి.

2. ఎక్కే ముందు బయట చుట్టూ నడవండి

దాదాపు అందరూ వదిలేసే మెట్టు ఇది. టికెట్ తీసుకోగానే మెట్లెక్కేస్తారు. అలా ఎక్కితే, లోపల చూసేది ఈ పడవలో ఏ భాగమో తెలియదు.

కాంపౌండులో వెళ్లనిచ్చినంత మేర నడవండి. మిగతాది ఇసుక వైపు నుంచి చూడండి. పడవ పొడవు 91 మీటర్లు, అడ్డం 8 మీటర్లు. పిల్లలుంటే పక్కనే నడుస్తూ అడుగులు లెక్కపెట్టమనండి. ఆ తర్వాత వీటిని ఒక్కొక్కటిగా వెతకండి:

తోక దగ్గర ప్రొపెల్లర్లు మూడు. మూడు డీజిల్ ఇంజిన్లు, మూడు ఎలక్ట్రిక్ మోటార్లు, మూడు ప్రొపెల్లర్లు. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, లోపల పనికొస్తుంది.

ముందు భాగంలో టార్పెడో (నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే ఆయుధం) గొట్టాలు ఆరు, వెనక నాలుగు. మొత్తం పది. వెనక్కి కూడా పేల్చగలదన్న సంగతి చాలామందికి తెలియదు.

పక్కన ఒంటి నిండా వరసగా చీలికల్లాంటి రంధ్రాలు ఉంటాయి. తుప్పు పట్టి పడ్డ కన్నాలనుకునేవాళ్లూ ఉన్నారు. నీళ్లు రావడానికి, పోవడానికి కావాలనే పెట్టినవి అవి. ఈ పడవకి ఒంటి మీద రెండు పొరలు. మనకి కనిపించేది పై పొర. మనుషులుండే గట్టి గొట్టం దాని లోపల ఉంటుంది. రెంటి మధ్య ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే మునుగుతుంది. వాటిలోకి ఒత్తిడితో గాలి కొట్టి నీళ్లు బయటికి తోసేస్తే తేలుతుంది. తేలినప్పుడు 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475 టన్నులు. ఆ తేడా అంతా సముద్రం నీళ్లే. థియరీ ఇంతకన్నా అక్కర్లేదు.

మీరు ఎక్కబోయే మెట్ల తలుపు సందర్శకుల కోసం తర్వాత కోసింది. అప్పట్లో నావికులు పైనున్న మూతల్లోంచి నిచ్చెన పట్టుకుని దిగేవారు. ఆ గుండ్రటి మూతలు ఎక్కడున్నాయో కింద నుంచే గుర్తుపట్టండి.

3. కథ సరిగ్గా తెలుసుకుని వెళ్లండి

మన ఊళ్లోనే ఎక్కువగా తప్పు చెప్పుకునే కథ ఇది. "ఘాజీని ముంచింది ఇదే" అని చుట్టాలకి గర్వంగా చెప్పేస్తాం. కురుసుర ఘాజీని ముంచలేదు. ఆ సమయానికి వైజాగ్‌లోనే లేదు. 1971 యుద్ధానికి ముందు రోజుల్లో అది దేశానికి అటువైపు, అరేబియా సముద్రంలో గస్తీ తిరుగుతోంది.

ఘాజీ పాకిస్తాన్ జలాంతర్గామి. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వైజాగ్ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళకి మన హార్బర్ ముఖద్వారానికి దగ్గర్లోనే ఘాజీ మునిగిపోయింది. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీళ్ల లోతులో పేలే బాంబుల) వల్లేనని మన నేవీ అంటుంది. ఘాజీ తనే వేసిన మందుపాతర గానీ, లోపలి పేలుడు గానీ కారణమని పాకిస్తాన్ అంటుంది. పిల్లలకి రెండు మాటలూ చెప్పండి, వాళ్లే వాదించుకుంటారు. మధ్యాహ్నం బాగా గడుస్తుంది.

కురుసుర సొంత జాతకం వేరు. సోవియట్ యూనియన్‌లో తయారైంది. మన నేవీ తొలి జలాంతర్గాముల వరసలో కల్వరి, ఖండేరి, కరంజ్ తర్వాత నాలుగోది. 1969 డిసెంబర్ 18న చేరింది, 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. ఈ మధ్యలో 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. అంటే భూమిని మూడుసార్లు చుట్టినా ఇంకా మిగులుతుంది. రిటైరయ్యాక దాన్ని ఒడ్డుకి లాగి, ఇప్పుడున్న చోట కూర్చోబెట్టడానికి నెలల తరబడి పట్టింది. చివరి 600 మీటర్ల దూరమే పెద్ద తలనొప్పి. 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. దక్షిణాసియాలో ఇలాంటిది ఇదే మొదటిది.

ఇంకో రెండు తప్పులు కూడా వినిపిస్తుంటాయి. ఇది నమూనా కాదు, అసలు పడవే. అణుశక్తితో నడిచేది కూడా కాదు, డీజిల్‌తోనూ బ్యాటరీలతోనూ నడిచేది.

4. గుంపులో చివర నిలబడండి

గైడు దగ్గరుండి వినాలని అందరూ ముందుకు తోసుకుంటారు. మీరు మీ బ్యాచ్‌లో ఆఖరున ఉండండి. వెనక ఎవరూ లేకపోతే ప్రతి గదిలోనూ అర నిమిషం ఎక్కువ ఆగొచ్చు. తర్వాతి బ్యాచ్ వచ్చే దాకా ఆ కాసేపూ మీదే.

గదికీ గదికీ మధ్య గుండ్రటి ద్వారాలుంటాయి. ముందు కాలు వేయాలి, తర్వాత తల వంచి ఒంటిని లాగాలి. తల ముందు పెడితే నుదురు బొప్పి కడుతుంది. చీర కట్టుకున్నవాళ్లు కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని దాటండి. చంటిపిల్లల్ని భుజాల మీద కూర్చోబెట్టుకుని అస్సలు వెళ్లొద్దు, ఎత్తు చాలదు.

జాగ్రత్త: మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, ఇరుకు గదుల్లో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లకి ఇది కష్టం. మధ్యలో టెన్షన్ వస్తే వెనక్కి రావడం కన్నా ముందుకి వెళ్లి దిగిపోవడమే తేలిక. అలాంటి అనుమానం ఉంటే అమ్మమ్మనో మావయ్యనో బయట నీడలో కూర్చోబెట్టి, 2వ మెట్టు మాత్రం తీరిగ్గా చూపించండి. అదీ మంచి దర్శనమే.

5. గది గదికీ ఏం చూడాలి

లోపల ఏడు విభాగాలు. మిమ్మల్ని ఏ చివర నుంచి ఎక్కించినా క్రమం తెలిస్తే తప్పిపోరు: ముందు టార్పెడో గది, ఆఫీసర్ల గదులు, కంట్రోల్ రూమ్, మళ్లీ మనుషులుండే చోటు, డీజిల్ ఇంజిన్లు, ఎలక్ట్రిక్ మోటార్లు, వెనక టార్పెడో గది.

*టార్పెడో గది.* గొట్టాల మూతలు చూడగానే ఫోటో తీసుకుని వెళ్లిపోకండి. టార్పెడో లావు 21 అంగుళాలు. పడవ నిండా 22 టార్పెడోలు పట్టేవి. ఇప్పుడు పడకలు ఎక్కడున్నాయో చూడండి. వాటి పక్కనే నావికులు పడుకునేవారు. గైడుని అడగండి: "గొట్టంలోకి నీళ్లు ఎప్పుడు వదులుతారు? లోపలి మూత, బయటి మూత రెండూ ఒకేసారి తెరుచుకుంటే ఏమవుతుంది?" జవాబు చెప్పేటప్పుడు ఆయన మొహం చూడండి. ఇక్కడి గైడ్లు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. కంఠతా పట్టిన పాఠం అయిపోయాక ఒక మంచి ప్రశ్న పడితే, వాళ్లు గైడు పని పక్కన పెట్టి నావికుడిలా మాట్లాడతారు. ఈ మ్యూజియంలో అసలు ఎగ్జిబిట్ అదేనని నా అభిప్రాయం.

*ఆఫీసర్ల గదులు.* ఎనిమిది మంది ఆఫీసర్లకి ఉన్న చోటు చూసి మీ ఇంట్లో వంటగదితో పోల్చుకోండి. కెప్టెన్‌కి మాత్రం సొంత గది ఉంది. దాని కొలత చూశాక "సొంత గది" అనడానికి కాస్త మొహమాటపడతారు. నేల కింద ఏముందో కూడా అడగండి. బ్యాటరీలు. వెనకవైపు మనుషులుండే విభాగం కిందా అవే. కరెంటు పోయినప్పుడు ఇల్లు ఇన్వర్టర్ మీద నడిచినట్టు, మునిగి ఉన్నంత సేపూ పడవ వీటి మీదే నడిచేది. ఛార్జింగ్ తగ్గితే పైకి దగ్గరగా వచ్చి, గాలి గొట్టం నీటి పైకి పెట్టి, డీజిల్ ఇంజిన్లు వేసి మళ్లీ ఛార్జింగ్ చేసుకోవాలి. అలా పైకి వచ్చిన ప్రతిసారీ శత్రువు కంట పడే ప్రమాదం ఉంటుంది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్నదే ఆ రోజుల్లో కెప్టెన్‌కి అన్నిటికన్నా పెద్ద లెక్క.

*కంట్రోల్ రూమ్.* ఇక్కడ అందరూ పెరిస్కోప్ దగ్గర సెల్ఫీ కోసం ఆగుతారు. తీసుకోండి, కానీ తర్వాత చుట్టూ చూడండి. లోతు చూపించే డయల్ ఏది? ముక్కు కిందికో పైకో వంచే చక్రాలేవి? ట్యాంకుల్లోకి నీళ్లు వదిలే వాల్వులేవి? బయట చెప్పుకున్న ట్యాంకులు, ఇక్కడి వాల్వులు ఒకే పనిలో రెండు చివరలు. ఈ ముడి తెలిస్తే మిగతా పైపుల గందరగోళం సగం తగ్గుతుంది. ఈ గదిలో ఏకంగా ఎంతమంది నిలబడి పనిచేసేవారో అడిగి, అంతమందిని అక్కడ ఊహించుకోండి.

*మనుషులుండే చోటు, వంట.* మొత్తం 75 మంది. మంచినీళ్లు కొలిచి వాడుకోవాలి. స్నానం సంగతి గైడుని అడగండి, పిల్లలు ఈ జవాబు జన్మలో మర్చిపోరు. వంట చేసే చోటు చూశాక, మునిగి ఉన్నప్పుడు పోపు పెడితే ఆ ఘాటు ఎటు పోయేదో అడగండి. పడకల దగ్గర బొమ్మ మనుషుల్ని పడుకోబెట్టారు. నాకవి అంతగా నచ్చవు, చోటు ఎంత ఇరుకో కనిపించకుండా అడ్డుపడతాయి. ఖాళీ పడక దొరికితే దాని వెడల్పు జానలతో కొలవండి. తాకొద్దన్న చోట తాకకండి.

*ఇంజిన్లు, మోటార్లు.* మూడు, మూడు లెక్క ఇక్కడ సరిచూసుకుని ముందుకి సాగండి. డీజిల్ ఇంజిన్లు నడిచేటప్పుడు ఆ గదిలో చప్పుడు, వేడి ఎలా ఉండేవో ఒక్క మాట అడిగితే చాలు.

*వెనక టార్పెడో గది.* నాలుగు గొట్టాలు లెక్కపెట్టండి. ఇక్కడా పడకలున్నాయి.

6. చూసింది ఒంటబట్టిందో లేదో పరీక్షించుకోండి

దిగాక తిండి బళ్ల వైపు వెళ్లే ముందు ఇసుకలోకి నడవండి. ఎవరో ఒకరు పుల్లతో పడవ గీయాలి. పొడుగ్గా ఒక గొట్టం, దానిలో ఏడు గదులు. మిగతావాళ్లు పేర్లు చెప్పాలి. ఆ తర్వాత ఫోన్ చూడకుండా ఈ ప్రశ్నలు:

- పక్కనున్న చీలికలు దేనికి?
- బ్యాటరీలు ఎక్కడున్నాయి? వాటిని ఛార్జింగ్ చేసేది ఏది?
- ప్రొపెల్లర్లు ఎన్ని? టార్పెడో గొట్టాలు ముందు ఎన్ని, వెనక ఎన్ని?
- 1971 డిసెంబర్‌లో వైజాగ్ దగ్గర మునిగింది ఏది?
- గైడు తన సొంత అనుభవం ఏదైనా చెప్పారా? ఏమిటది?

ఐదింటికీ జవాబులొస్తే సరిగ్గా చూసినట్టే. మొదటిదీ మూడోదీ రాకపోతే 2వ మెట్టు తొందరగా కానిచ్చారన్నమాట. మళ్లీ టికెట్ అక్కర్లేదు, బయట నుంచి ఇంకోసారి చూసి రండి. ఆఖరిదానికి జవాబు లేకపోతే మీరు ఏమీ అడగలేదు, లేదా రద్దీ రోజు వెళ్లారు.

7. రోడ్డు దాటండి, తర్వాత దక్షిణం వైపు తిరగండి

ఎదురుగా ఉన్న టీయూ 142 విమానాన్ని చాలామంది "ఇంకో మ్యూజియం"గా వేరేగా చూస్తారు. రెండూ ఒకే రోజు, ఈ వరసలోనే చూడండి. ఆ విమానం పని జలాంతర్గాముల్ని వేటాడటం. దాక్కునేది రోడ్డుకి ఇటు, వెతికేది అటు. పొడవు 53 మీటర్లు, రెక్కల వెడల్పు 50 మీటర్లు. నాలుగు ఇంజిన్లు. ఒక్కో ఇంజిన్‌కీ ఎదురెదురు దిక్కుల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. 1988 నుంచి 2017 దాకా 29 ఏళ్లు ఎగిరింది, అదే ఏడాది డిసెంబర్ నుంచి ఇక్కడ మ్యూజియం. సముద్రంలోకి జారవిడిచి చప్పుడు వినే పరికరాల గురించి అడగండి. ఇప్పుడే చూసొచ్చిన డీజిల్ ఇంజిన్ల మోత గుర్తొస్తుంది. బ్యాటరీ మీద నడవడం ఎందుకు అంత అవసరమో అప్పుడు అర్థమవుతుంది.

జాగ్రత్త: సాయంత్రం బీచ్ రోడ్డు మీద బళ్ల వేగం ఎక్కువ. పిల్లల చెయ్యి పట్టుకుని, జీబ్రా క్రాసింగ్ దగ్గరే దాటండి.

అదే బీచ్ రోడ్డులో "విక్టరీ ఎట్ సీ" స్తూపం. 1971 యుద్ధం గుర్తుగా 1996లో కట్టారు. అక్కడ నిలబడి దక్షిణం వైపు చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ. దాని పక్కనుంచే హార్బర్‌లోకి దారి. ఘాజీ ఇప్పటికీ ఆ ముఖద్వారానికి అవతల, సముద్రం అడుగునే ఉంది. అందులో ఉన్న 93 మందిలో ఎవరూ బతకలేదు. ఇప్పుడే ఒక జలాంతర్గామి లోపల నడిచొచ్చిన పిల్లలకి ఈ అంకె చెప్పి చూడండి. శత్రువా మిత్రుడా అని ఎవరూ అడగరు, "లోపల ఎంత ఇరుకుగా ఉండేదో" అంటారు.

మళ్లీ మళ్లీ అడిగేవి

*చిన్నపిల్లల్ని ఎన్నో ఏట తీసుకెళ్లాలి?* నాలుగైదేళ్ల వాళ్లకి బయట చుట్టూ నడక, విమానం చాలు. ఎనిమిది దాటినవాళ్లకి లోపల కూడా బాగుంటుంది. ముందు రోజు రాత్రి 3వ మెట్టులోని ఘాజీ కథ చెప్పి తీసుకెళ్లండి.

*రాత్రి లైట్లలో చూస్తే?* ఫోటోలకి బాగుంటుంది. పక్కన చీలికలు, తోక దగ్గర ప్రొపెల్లర్లు పగటి వెలుగులోనే తెలుస్తాయి. రెండూ కావాలంటే మధ్యాహ్నం మొదలుపెట్టి, విమానం చూసి బయటికొచ్చేసరికి చీకటి పడేలా చూసుకోండి.

*గైడు తొందరపెడితే?* వాదించకండి. గుంపుతో పాటు దిగి, జనం తగ్గాక టికెట్ కౌంటర్ దగ్గర అడగండి: "సార్, మీరు సబ్‌మెరైన్‌లోనే పనిచేశారా? ఎన్నేళ్లు?" ఈ ఒక్క ప్రశ్నకి ఎవరో ఒకరు కుర్చీ జరిపి కూర్చోమంటారు.

*బండి ఎక్కడ పెట్టాలి?* ఎదురుగా ఖాళీ కనిపించింది కదాని రోడ్డు వారన పెట్టేయకండి. చోటు చూసి పార్కింగ్‌లో పెట్టండి, లేదా ఆర్కే బీచ్ బస్సెక్కి రండి. సాయంత్రం వెళ్లేటప్పుడు బండి బయటికి తీయడానికి పట్టే సమయం కూడా ఆ రెండున్నర గంటల్లో కలుపుకోండి.